సంతకానికి ముందు చదవాల్సిన చదువు

తెనాలి నుంచి బాపట్లకు పోయే రైలుమార్గంలో నిడుబ్రోలు స్టేషను ఉంది. పొన్నూరును ఆనుకుని ఉన్న ఆ ఊళ్లో 1900 నవంబరు 7న గోగినేని రంగనాయకులు పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పాఠాలు చెప్పి, జనం నోట ఆచార్య రంగా అయ్యారు. రైతు నాయకుడిగా, దశాబ్దాలపాటు పార్లమెంటులో కూర్చున్న సభ్యుడిగా ఆయన అందరికీ తెలుసు. అంతకుముందే, 1920ల్లో, పల్లెల ఆర్థిక జీవితాన్ని లెక్కలతో సహా పుస్తకాలకెక్కించిన పరిశోధకుడిగా ఆయన్ని తలుచుకునేవారు తక్కువ. రైతు ఇంటి రాబడి, ఖర్చు, అప్పు దగ్గర నుంచి చూసినవాడు కనకే 1930ల్లో సొంత ఊళ్లో రైతు విద్యాలయం పెట్టారు. పల్లెటూరి కుర్రవాళ్లకు ఆర్థిక విషయాలు, రాజకీయాలు, నలుగురిలో నిలబడి మాట్లాడటం అక్కడ నేర్పించారు.

రంగా స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి విషయం ఆ విద్యాలయం మొదలుపెట్టిన పనే. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలకు డబ్బు వ్యవహారం, బతుకు వ్యవహారం ఎవరు నేర్పాలి, ఎప్పుడు నేర్పాలి, ఏం నేర్పాలి?

ఎప్పుడు అన్నదానికి చట్టమే జవాబు చెబుతోంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని వారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ ఈ సంగతి తేల్చేసింది. పుట్టినరోజుకు ముందురోజు రాసిన ప్రామిసరీ నోటు చిత్తుకాగితం. మర్నాడు రాస్తే కోర్టు గుమ్మం ఎక్కే పత్రం. ఒక్క రాత్రిలో కుర్రవాడి సంతకానికి అంత బలం వస్తుంది. ఆ బలం ఏమిటో, దానివల్ల ఏం పోగొట్టుకోవచ్చో పదో తరగతిలో చెప్పరు, ఇంటర్లో చెప్పరు. ఈఏపీసెట్ ర్యాంకు గురించి రెండేళ్లపాటు రోజూ మాట్లాడిన ఇంట్లో నోటు గురించి ఒక్క పూటైనా మాట్లాడరు.

ఈ ప్రాంతంలో డబ్బు వ్యవహారం ఇప్పటికీ బ్యాంకులో కంటే మనుషుల మధ్యే ఎక్కువ నడుస్తుంది. కౌలు రైతు పెట్టుబడికి, రొయ్యల చెరువులో మేతకు, పడవ మరమ్మతుకు, పెళ్లికి, ఆసుపత్రికి చేతినోటు రాసి తెచ్చుకునే అప్పు మామూలు విషయం. వడ్డీని శాతంలో చెప్పరు, రూపాయల్లో చెబుతారు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకు నూటికి రెండు. ఏడాదికి 24 శాతం అని ఎవరూ పైకి అనరు, అందుకే ఆ అంకె చెవికి తక్కువగా వినిపిస్తుంది. లక్ష రూపాయలకు ఏడాది తిరిగేసరికి 24 వేలు. కట్టలేకపోతే వడ్డీ కలిపి నోటు తిరగరాస్తారు. రెండో ఏడాది చివరికి 1,53,760, మూడో ఏడాది చివరికి 1,90,662. మూడేళ్లలో బాకీ దాదాపు రెట్టింపు. ఆ మూడేళ్ల గడువుకు కూడా కారణం ఉంది. నోటు మీద దావా వేయడానికి కాలపరిమితి మూడేళ్లు. అది దాటబోయే ముందు అప్పిచ్చినవారు వచ్చి, ‘ఓ వెయ్యి ఇచ్చి వెనకాల చెల్లు రాయి’ అంటారు. ఆ చెల్లు కింద సంతకం పడితే గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఇందులో మోసమేమీ లేదు, చట్టం ఒప్పుకున్న పద్ధతే. ఆ వెయ్యి ఇచ్చిన కుర్రవాడికి మాత్రం తాను ఏం చేశాడో తెలియదు.

ఖాళీ నోటు సంగతి ఇంకా కష్టం. అంకె వేయని నోటు మీద సంతకం చేయించుకోవడం ఊళ్లలో నమ్మకానికి గుర్తుగా చలామణీ అవుతోంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ దృష్టిలో, ఆ కాగితం ఇచ్చినవాడు దాన్ని పూర్తి చేసుకునే అధికారం కూడా ఇచ్చినట్టే. ఖాళీ చెక్కు ఇస్తే అదే చట్టంలోని 138వ సెక్షన్ కాచుకుని ఉంటుంది. చెక్కు చెల్లకపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీ అప్పుల కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు రాష్ట్రమంతా అవాక్కయింది. పోలీసుల సోదాల్లో దొరికినవాటిలో ఇలాంటి ఖాళీ నోట్లు, ఖాళీ చెక్కులూ ఉన్నాయి.

ఇక పూచీకత్తు. బావగారు బండి కొంటున్నాడు, బాబాయి షాపు పెడుతున్నాడు, స్నేహితుడు ఫైనాన్సులో అప్పు తీసుకుంటున్నాడు. ‘నువ్వొక సంతకం పెట్టు, ఊరికే ఫార్మాలిటీ’ అంటారు. ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట రాసుకోకపోతే, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. అప్పిచ్చినవాడు ముందు అసలు బాకీదారు వెంటపడాలన్న నియమం ఏదీ లేదు. ఉద్యోగం, జీతం ఉన్నవాడు హామీదారే అయితే ముందు అతని తలుపే తడతాడు. బాకీ పేరుకుపోతే హామీదారు క్రెడిట్ స్కోరు కూడా దెబ్బతింటుంది. రేపు సొంతింటి అప్పుకు వెళ్లినప్పుడు బ్యాంకులో అది కనిపిస్తుంది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా సంతకాలు ఎందుకు ఆగడం లేదు? తెలియకపోవడం ఒక కారణం. మొహమాటం అంతకంటే పెద్ద కారణం. తెలిసి తెలిసి సంతకం పెట్టేవారే ఎక్కువ. బావ అడిగితే కాదంటే అక్క కాపురంలో మాట వస్తుంది. మేనమామ అడిగితే కాదంటే అమ్మ బాధపడుతుంది. తెలుగు ఇళ్లలో పోయిన ఆస్తుల లెక్క ఎవరైనా తీస్తే, పేకాటలో పోయిన దానికంటే మొహమాటానికి పోయిందే ఎక్కువ తేలుతుందని ఈ ఉపన్యాసం నమ్ముతోంది. అందుకే డబ్బు పాఠం ఒకటి, జీవన నైపుణ్యాల పాఠం మరొకటి అని విడదీసి చెప్పడం పొరపాటు. వడ్డీ లెక్క వచ్చిన కుర్రవాడికి ‘కాదు’ అనడం రాకపోతే ఆ లెక్క అక్కరకు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లో పది జీవన నైపుణ్యాలను గుర్తించింది. అందులో నిర్ణయం తీసుకోవడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం, మనసులో మాట సరిగా చెప్పగలగడం ఉన్నాయి. మన ఊళ్లో ఈ మూడూ ఒకేసారి పరీక్షకు వచ్చేది హామీ సంతకం దగ్గరే.

కాదనడం ఉపన్యాసంతో అబ్బే విద్య కాదు. నటించి నేర్చుకోవాలి. ఆ మాటకొస్తే ఈ నేలకు నాటకం కొత్త కాదు. బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామవిలాస సభ వేదిక మీద స్త్రీ పాత్రలతో ఆంధ్రదేశాన్ని మురిపించి, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గారి ప్రాంతం ఇది. తరగతి గదిలో ఒక అమ్మాయి బావ వేషం వేయాలి, ఒక అబ్బాయి హామీదారు కావాలి. ‘బావా, నాన్నను అడగకుండా ఏ కాగితం మీదా సంతకం చేయనని ఇంట్లో మాటిచ్చాను. నాకు చేతనైంది ఐదువేలు, అది ఇస్తాను, తిరిగివ్వక్కర్లేదు’ అన్న వాక్యం నోరు తిరిగేదాకా పదిసార్లు చెప్పించాలి. బంధుత్వం తెగకుండా కాదనడానికి మాటలు ముందే సిద్ధంగా ఉంటే, ఆ రోజు నోరు పెగులుతుంది.

లెక్కల విషయంలోనూ పుస్తకం వదిలి కాగితం పట్టుకోవాలి. బజారులో చిన్న వ్యాపారులకు రోజువారీ ఫైనాన్సు ఇచ్చేవారి లెక్క ఒకటి తీసుకుందాం. పదివేల అప్పు అంటారు, వెయ్యి ముందే పట్టుకుని 9 వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున 100 రోజులు వసూలు చేస్తారు. వింటే నూటికి పది. కానీ అసలు రోజూ తరుగుతూ ఉంటుంది కాబట్టి అప్పు తీసుకున్నవాడి చేతిలో సగటున ఉన్నది నాలుగున్నర వేలే. ఆ వెయ్యి వడ్డీ దాని మీద పడుతోంది. ఏడాది లెక్కకు తెస్తే 75 శాతం దాటుతుంది. మోటారు సైకిల్ మీద ‘12 శాతం ఫ్లాట్ వడ్డీ’ కూడా అలాంటిదే. లక్షకు మూడేళ్ల వడ్డీ 36 వేలు, నెల వాయిదా 3,778. తరిగే అసలు మీద కడితే అది ఏడాదికి 21 శాతం పైచిలుకు. ఈ రెండు లెక్కలూ ఇంటర్ చదివిన ఏ పిల్లకైనా సెల్‌ఫోన్‌లో వేయడం చేతనవుతుంది. వేయాలన్న ఆలోచన రావడమే లేదు.

చీటీ పాటల సంగతి చెప్పకుండా తెనాలి డబ్బు గురించి మాట్లాడలేం. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం చీటీని రిజిస్టరు చేయాలి, నిర్వాహకుడు ముందుగా హామీ కట్టాలి. 2019 సవరణతో అతని కమీషన్ పరిమితి 5 నుంచి 7 శాతానికి పెరిగింది. రిజిస్టరైన చీటీకి, ఇంటి పక్కావిడ నోటిమాట మీద నడిపే చీటీకి ఉన్న తేడా ఈ రిజిస్ట్రేషను, హామీలే. లక్ష చీటీని మూడో నెలలో 30 వేల తగ్గింపుకు పాడుకున్నవాడి చేతికి 70 వేలే వస్తాయి. దానికి ఎంత వడ్డీ పడిందో లెక్కవేయడం డిగ్రీ పరీక్షలో పది మార్కుల ప్రశ్న కావాలి.

పొదుపు నేర్పడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఈ పిల్లల తల్లులే అందులో ముందున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు రాష్ట్రమంతటా వచ్చాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులు, సకాలంలో చెల్లింపు, సరైన పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాలను ఈ మహిళలు మూడు దశాబ్దాలుగా ఆచరిస్తున్నారు. బడికి వెళ్లని తల్లి తీర్మానాల పుస్తకం రాయించి, ఎవరి అప్పు ఎంత మిగిలిందో నోటికి చెబుతుంది. ఆమె కొడుకు బీటెక్ చదువుతూ లోన్ యాప్‌లో ఇరుక్కుంటాడు. ఇంట్లో ఉన్న ఆ గురువును కళాశాల ఎప్పుడూ పిలవలేదు. పిలిస్తే పొదుపు ఒక్కటే కాదు, ఎక్కువ అప్పు కూడా ఎలా ముంచుతుందో ఆమే చెప్పగలదు. ఒకే మహిళకు మూడు నాలుగు సూక్ష్మరుణ సంస్థలు అప్పులిచ్చి, వారం వారం వాయిదాలకు ఇంటి ముందు కూర్చున్న రోజులు ఆమెకు గుర్తే. ఆ ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్న వార్తలు వరసగా వచ్చాకే 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థలను అదుపు చేసే ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

అంతకుముందు తరానికీ రుణ ఉపశమనం వచ్చింది. 1938 మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం, అసలుకు రెట్టింపు చెల్లించేసిన రైతు బాకీ తీరిపోయినట్టే అంది. మంచి చట్టం. కానీ ఎంత చెల్లించాడో చూపించగలిగిన రైతుకే అది దక్కుతుంది. రసీదు దాచుకోనివాడికి, నోటు వెనక ఏం రాశారో చదవలేనివాడికి చట్టం వచ్చీ రానట్టే.

ఇప్పటి మోసాలు వేరే దుస్తుల్లో వస్తున్నాయి. విజయవాడ కేంద్రంగా జనం దగ్గర డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ కంపెనీలో పలు రాష్ట్రాల్లో కలిపి సుమారు 32 లక్షల మంది, 6 వేల కోట్లకు పైగా కట్టి నష్టపోయారు. వారిలో ఆంధ్రప్రదేశ్ వారే ఎక్కువ. కట్టించినవాళ్లు ఎవరో పరాయివాళ్లు కాదు, పక్కింటి ఏజెంట్లు, చుట్టాలు. ఇక్కడా మొహమాటమే పనిచేసింది. 2019 నవంబరులో గుంటూరులో పదివేల లోపు డిపాజిటర్లకు ప్రభుత్వం డబ్బు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. బ్యాంకు డిపాజిట్‌కు బీమా ఉందని, ఇలాంటి కంపెనీల డిపాజిట్లకు అది వర్తించదని ఒక్క పాఠంలో చెప్పి ఉంటే కొందరైనా ఆగేవారు. ఆ బీమా పరిమితిని 2020 ఫిబ్రవరిలో లక్ష నుంచి ఐదు లక్షలకు పెంచారు.

లోన్ యాప్‌ల విషయంలో రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నియమాలు పెట్టింది. డబ్బు అప్పిచ్చే సంస్థ ఖాతా నుంచి నేరుగా అప్పు తీసుకున్నవారి ఖాతాకే రావాలి. ఏడాది వడ్డీ ఎంతో ముందే కాగితం మీద చూపాలి. ఫోన్‌లోని పేర్ల జాబితా జోలికి యాప్ పోకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ యాప్ తీసేయాలి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. తెనాలి, బాపట్ల నుంచి విదేశాలకు వెళ్లే పిల్లలకు ఇంకో పాఠం కావాలి. 2019 జనవరిలో అమెరికాలోని మిషిగన్‌లో, ప్రభుత్వమే వలగా పెట్టిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరినందుకు 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. వారిలో ఎక్కువమంది తెలుగువాళ్లు. తరగతులు లేని, అధ్యాపకులు లేని విశ్వవిద్యాలయం అది. కన్సల్టెన్సీ మాట నమ్మి కట్టే ముందు కళాశాల గురించి స్వయంగా వెతికి తెలుసుకోవడం కూడా డబ్బు విద్యే.

బాపట్ల, రేపల్లె తీరంలో అప్పులకు తుపాను తోడవుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లలో పడింది. అప్పుడు కౌలు రైతు కొడుక్కి తెలియాల్సింది పంట నమోదు, కౌలు గుర్తింపు కార్డు, బీమా కాగితం ఎక్కడున్నాయని. నిజాంపట్నంలో చేపల వేటకు వెళ్లేవారి ఇంట్లో తెలియాల్సింది ఇంకా చిన్న సంగతి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతికి 436 రూపాయలు ఖాతాలోంచి కోసుకుంటారు. ఆ పద్దు పాస్‌బుక్‌లో ఉంటే ఒక్కోదానికీ రెండు లక్షల రక్షణ ఉన్నట్టు. పాస్‌బుక్ చదివే మనిషి లేక, మనిషి పోయినా క్లెయిము అడగని కుటుంబాలు ఉండకూడదు.

ఇవన్నీ ఒకసారి చెబితే గుర్తుంటాయా? 2014లో 201 అధ్యయనాలను కలిపి చూసిన ముగ్గురు పరిశోధకులు, డబ్బు పాఠాల ప్రభావం చాలా స్వల్పమని, నెలలు గడిచేకొద్దీ అదీ అరిగిపోతుందని తేల్చారు. అవసరం పడే సమయానికి అందే పాఠమే మేలని వారి సలహా. 2022లో 76 ప్రయోగాలను పరిశీలించిన మరో బృందం ప్రభావం నిజంగానే ఉందని చూపింది. రెండూ కలిపి చదివితే ఈ ప్రాంతానికి పనికొచ్చే మాట ఒకటి దొరుకుతుంది. ఎనిమిదో తరగతిలో ‘పొదుపు గొప్పతనం’ మీద వ్యాసం రాయించడం దండగ. పద్దెనిమిది నిండిన ఏడాది, నిజమైన నోటు, నిజమైన పాస్‌బుక్, నిజమైన బీమా పత్రం ముందు పెట్టి చెప్పాలి. దేశంలో పెద్దవాళ్లలో 27 శాతానికే ఆర్థిక అక్షరాస్యత ఉందని 2019 జాతీయ సర్వే చెప్పింది. మిగతావాళ్లందరికీ చెప్పడానికి ఓపిక లేకపోయినా, కళాశాలలో కూర్చుని ఉన్నవాళ్లకు చెప్పకపోవడానికి సాకు లేదు.

రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీలో జీవన నైపుణ్యాలు, నైపుణ్యాభివృద్ధి కోర్సులు పెట్టింది. బీమా ప్రచారం, ఫైనాన్షియల్ మార్కెట్లు, విద్యుత్ ఉపకరణాలు, నర్సరీ మొక్కల పెంపకం అప్పటి జాబితాలో ఉన్నాయి. ఆలోచన మంచిది. అమలులో అవి గైడ్లు కొని బట్టీపట్టే పేపర్లుగా మిగిలితే ప్రయోజనం ఉండదు. ఆ పాఠ్యప్రణాళికలో నిజంగా విలువైనది మొదటి ఏడాది తర్వాత చేసే సామాజిక సేవా ప్రాజెక్టు. విద్యార్థి ఒక ఊరికి వెళ్లి సర్వే చేయాలి. రంగా 1920ల్లో చేసిన పని ఇదే కదా. పక్కనే బాపట్ల వ్యవసాయ కళాశాల ఉంది. 1945లో మొదలై, ఇప్పుడు రంగా పేరున్న విశ్వవిద్యాలయంలోనే ఉంది. అక్కడి చివరి ఏడాది పిల్లలు గ్రామీణ పని అనుభవం పేరుతో పల్లెకు వెళ్లి, రైతు వెంట నడిచి సాగు ఖర్చు తెలుసుకుంటారు. ఎకరాకు ఎంత పెట్టాడో, ఎంత వచ్చిందో రైతు పక్కన కూర్చుని రాసిన పిల్లకు అప్పు అంటే ఏమిటో మళ్లీ చెప్పక్కర్లేదు. ఆ పద్ధతిని తెనాలి ఆర్ట్స్, కామర్స్ విద్యార్థులకు, రేపల్లె డిగ్రీ పిల్లలకు ఎందుకు విస్తరించకూడదు?

ఈ ఏడాది మొదటి సంవత్సరం తరగతుల్లో కూర్చున్నవాళ్లలో చాలామందికి పద్దెనిమిది నిండాయి, మిగతావాళ్లకు త్వరలో నిండుతాయి. సామాజిక సేవా ప్రాజెక్టు మొదలయ్యేలోపు ప్రిన్సిపాల్, ఒక బ్యాంకు మేనేజరు, ఒక న్యాయవాది, ఊళ్లోని పొదుపు సంఘం లీడరు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. పిల్లలు సర్వేకు తీసుకెళ్లే ప్రశ్నల్లో నోటు, చీటీ, హామీ, బీమా తప్పనిసరిగా చేర్చాలి. మొదటి ఇల్లు వాళ్ల సొంతిల్లే కావాలి. ఈ సభలో ఉన్న తల్లిదండ్రులు ఇంటికి వెళ్లాక బీరువాలోని నోట్లు, పాస్‌బుక్‌లు, బీమా కాగితాలు బయటికి తీసి పిల్లల చేత చదివించండి.